మాట వినకపోతే ఏమవుతుంది? బైబిల్ హెచ్చరికలపై తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లే అలవాటున్నవాళ్లకి ఈ మాట తెలియకుండా ఉండదు: "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు." వాగ్దాన కార్డు మీద అచ్చయి, ఏడాది పొడుగునా ఫ్రిజ్ మీదో బైబిలు పేజీల మధ్యో ఉండే వచనం. ద్వితీయోపదేశకాండము 28:13. అదే అధ్యాయం 44వ వచనాన్ని మాత్రం ఇంతవరకు ఏ కార్డు మీదా నేను చూడలేదు. అక్కడ నీ మధ్య ఉన్న పరదేశి తల అవుతాడు, నువ్వు తోకవవుతావు. మా బైబిలు స్టడీలో ఆ రెండో సగం చదివిన ప్రతిసారీ ప్రశ్నలు వచ్చిపడతాయి. ఎక్కువసార్లు వచ్చినవాటిని ఇక్కడ పెట్టాను. జవాబులు అందరికీ నచ్చకపోవచ్చు.

ద్వితీయోపదేశకాండము 28లో అసలు ఏముంది?

మొత్తం 68 వచనాలు. మొదటి 14 దీవెనలు, మిగతా 54 శాపాలు. మోయాబు మైదానంలో, యొర్దాను దాటకముందు, మోషే ఇశ్రాయేలీయులకు చెప్పిన మాటలుగా ఈ గ్రంథం వీటిని మన ముందుంచుతుంది. దీవెనలకి శాపాలు అద్దంలో బింబాల్లా ఉంటాయి. పట్టణంలో, పొలంలో దీవెన అన్నచోటే పట్టణంలో, పొలంలో శాపం. గంప, పిండి పిసికే తొట్టి కూడా రెండు వైపులా కనిపిస్తాయి. ఇంట్లో రొట్టె ఎక్కడ తయారవుతుందో అక్కడిదాకా వచ్చి చెప్పే హెచ్చరిక ఇది.

చివరి వచనం మీద ఒక్క నిమిషం ఆగండి. ఓడల్లో మళ్లీ ఐగుప్తుకు తీసుకెళ్తారు, అక్కడ దాసులుగా మిమ్మల్ని మీరు అమ్ముకోవాలని చూస్తారు, కొనేవాడు మాత్రం ఉండడు. ఏ బానిసత్వం నుంచి బయటపడ్డారో అక్కడికే తిరిగి వెళ్లడం, పైగా బానిసగా కూడా పనికిరాకపోవడం. నిర్గమకాండమంతా వెనక్కి తిప్పినట్టు.

దేవుడు ఇంత భయంకరంగా మాట్లాడాలా? ముట్టడిలో తల్లులు పిల్లల్ని తినడం గురించి కూడా ఉంది కదా.

ఉంది, 53 నుంచి 57 దాకా. చదివి వినిపించడం ఎవరికీ సులువు కాదు. యూదుల సమాజమందిరాల్లో ఈ శాపాల భాగం వచ్చినప్పుడు గొంతు తగ్గించి, గబగబా చదివే ఆచారం ఈనాటికీ ఉంది. మనలో కొందరు అదే భాగాన్ని మైకు ముందు గర్జిస్తూ చదువుతారు. ఆ రెండింటిలో ఏది ఆ వాక్యాన్ని ఎక్కువ గౌరవిస్తుందో మీరే ఆలోచించండి.

ఈ భాష ఎక్కడిదో తెలిస్తే కొంత అర్థమవుతుంది. ఆ కాలంలో పెద్ద రాజు తన కింది రాజులతో ఒప్పందం రాయించుకున్నప్పుడు చివర్లో శాపాల పట్టిక ఉండేది. 1955లో ఇరాక్‌లోని నిమ్రూద్ తవ్వకాల్లో అష్షూరు రాజు ఏసర్హద్దోను క్రీ.పూ. 672లో చేయించిన ఒప్పందాల పలకలు దొరికాయి. ఒప్పందం తప్పితే నేల ఇనుములా అవుతుంది, ఇత్తడి ఆకాశం నుంచి వాన పడనట్టే మీ మీదా పడదు అని వాటిలో ఉంది. ద్వితీయోపదేశకాండము 28:23 తెరవండి: నీ తలపైన ఆకాశం ఇత్తడి, నీ కింద నేల ఇనుము. అంటే వినేవాళ్లకి ఈ మాటల తీరు కొత్త కాదు. అది నిబంధన భాష, ఒప్పందం మీద సంతకం లాంటిది. తేడా ఏమిటంటే ఇక్కడ ఒప్పందం చేసుకునే పెద్ద రాజు అష్షూరువాడు కాదు, యెహోవా.

ఒప్పందమన్న సంగతి మర్చిపోతే మిగతా ప్రశ్నలన్నీ చిక్కుపడతాయి. ఇవి దారిన పోయేవాడి మీద విసిరిన శాపాలు కావు. ద్వితీయోపదేశకాండము 27లో ఆరు గోత్రాలు గెరిజీము కొండ మీద, ఆరు గోత్రాలు ఏబాలు కొండ మీద నిలబడాలి. మధ్యలో షెకెము లోయ. లేవీయులు ఒక్కొక్క శాపం పలికితే జనమంతా ఆమేన్ అనాలి, పన్నెండుసార్లు. కన్ను కనబడనివాణ్ణి దారి తప్పించినవాడు, పొలం గట్టు రాయి జరిపినవాడు, పరదేశికి తండ్రి లేనివాడికి విధవరాలికి తీర్పు చెడగొట్టినవాడు శాపగ్రస్తుడు. శాపం అనగానే మనకు మంత్రగాడు గుర్తొస్తాడు గానీ, అక్కడున్నవాటిలో సగానికి సగం ఎవరూ చూడకుండా బలహీనుడికి చేసే అన్యాయాలే.

"లోబడటం" అంటే ఏమిటి? పది ఆజ్ఞలూ అప్పచెప్పగలిగితే చాలా?

ఈ విషయంలో తెలుగువాళ్లకి కొంచెం సౌకర్యముంది. "వాడు చెప్పిన మాట వినడు" అని తల్లి అంటే వాడికి చెవుడని ఎవరూ అనుకోరు. హెబ్రీలో "షమా" అనే క్రియ కూడా అచ్చం అలాంటిదే. వినడం, మాట ప్రకారం నడవడం రెండూ ఒకే మాటలో ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 28 మొదలయ్యేదే "నీ దేవుడైన యెహోవా మాట శ్రద్ధగా వింటే" అని. గ్రీకులో లోబడటానికి వాడే "హుపాకొయే" కూడా వినడం అనే మాట నుంచే పుట్టింది.

ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు కథ (1 సమూయేలు 15) అంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. యెహోవా మాట విను, అమాలేకీయులను పశువులతో సహా ఏదీ మిగల్చకు అని ప్రవక్త సమూయేలు మొదలుపెడతాడు. సౌలు అంతా చేశానంటాడు. అయితే నా చెవులకు వినబడే ఈ గొర్రెల అరుపులేమిటి అని సమూయేలు అడుగుతాడు. చివరికి సౌలు ఒప్పుకునేది ఏమిటంటే, జనులకు భయపడి వారి మాట విన్నాను. విననివాడు లేడు ఆ కథలో, ఎవరి మాట విన్నాడన్నదే లెక్క. బలులకంటే మాట వినడం శ్రేష్ఠమన్న సమూయేలు వాక్యం ఆ సందర్భంలోదే. (అమాలేకీయులను చిన్నపిల్లలతో సహా చంపమన్న ఆజ్ఞ మనసుకు మింగుడుపడనిది. దాన్ని తేలిగ్గా దాటేసే బోధకుణ్ణి నేనంతగా నమ్మను. అది వేరే పేజీకి సరిపడా ప్రశ్న.)

మోషే బండను కొట్టినందుకే వాగ్దాన దేశంలోకి వెళ్లనివ్వలేదా? అది అన్యాయం కాదా?

బండతో మాట్లాడమంటే రెండుసార్లు కర్రతో కొట్టాడు. మెరీబా దగ్గర, సంఖ్యాకాండము 20లో. నలభై ఏళ్లు ఆ జనాన్ని మోసినవాడికి ఇంత శిక్షా అని నాకూ అనిపిస్తుంది. "మేము మీకోసం నీళ్లు రప్పించాలా" అన్న కోపం మాటలో దేవుణ్ణి పక్కకు నెట్టి తాను ముందుకొచ్చాడని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. వాక్యం చెప్పే కారణం, ప్రజల కళ్లముందు దేవుని పరిశుద్ధతను నిలబెట్టలేదని. ఎక్కువ అప్పగించినవాడి దగ్గర ఎక్కువ అడుగుతారు. అయినా నెబో కొండ మీద నుంచి దేశమంతా చూపించి, 120 ఏళ్ల వయసులో మోషేను పాతిపెట్టింది యెహోవాయేనని ద్వితీయోపదేశకాండము 34 చెబుతుంది. శిక్ష తప్పలేదు, తోడూ తప్పలేదు.

ఈ హెచ్చరికలు చరిత్రలో నిజంగా జరిగాయా?

ముట్టడులు, చెర, ఆలయం కాలిపోవడం ఇవన్నీ జరిగినవే. ఉత్తర రాజ్యం రాజధాని షోమ్రోను క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరుకు పడింది. 2 రాజులు 17వ అధ్యాయం అక్కడ ఆగి, ఎందుకిలా జరిగిందో చెబుతుంది. యుద్ధం ఎలా జరిగిందన్నది రెండు మూడు వచనాల్లో ముగించి, కారణం మీద మాత్రం ఒక పేజీ పైగా రాస్తుంది. యెరూషలేము బబులోను చేతికి పడింది క్రీ.పూ. 586లో (587 అనేవాళ్లూ ఉన్నారు).

ఆ చివరి రోజుల నుంచి మన చేతికి వచ్చిన చీటీలున్నాయి. 1935లో లాకీషు కోట తవ్వకాల్లో కుండపెంకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. ఒకదాంట్లో రాసినవాడు, లాకీషు మంట గుర్తుల కోసం చూస్తున్నాం, అజేకా కనబడటం లేదు అంటాడు. యిర్మీయా 34:7 ప్రకారం యూదాలో అప్పటికి నిలబడిన ప్రాకార పట్టణాలు, యెరూషలేము కాక, లాకీషు, అజేకా మాత్రమే. ఆ పెంకుముక్క రాసినవాడు ఆ తర్వాత ఏమయ్యాడో ఊహించుకోవడమే.

విలాపవాక్యములు 4:10 చదివితే, ద్వితీయోపదేశకాండము 28లో చదవలేకపోయిన ఆ తల్లుల మాట అక్కడ జరిగిన సంగతిగా ఉంటుంది. అంతకుముందే షోమ్రోను ముట్టడిలో కూడా (2 రాజులు 6) అలాంటిదే చూస్తాం.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. యూదా రాజు యోషీయా ఏలుబడి 18వ ఏట, అంటే క్రీ.పూ. 622 ప్రాంతంలో, ఆలయం బాగుచేస్తుంటే దొరికిన ధర్మశాస్త్ర గ్రంథం ద్వితీయోపదేశకాండమో దాని మూలమో అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఈ అధ్యాయంలోని కొన్ని మాటలు చెరను చూసినవాళ్ల కలం నుంచి వచ్చి ఉండొచ్చని కూడా వాళ్లు అంటారు. నమ్మినా నమ్మకపోయినా, యోషీయా ఆ పుస్తకం విని బట్టలు చింపుకున్నాడు. అతని కొడుకు యెహోయాకీము, యిర్మీయా ప్రవక్త రాయించిన అలాంటి హెచ్చరికల గ్రంథాన్నే చలికాలపు గదిలో కూర్చుని, మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో కోసి కుంపట్లో వేశాడు (యిర్మీయా 36). యిర్మీయా దాన్ని మళ్లీ చెప్పి రాయించాడు, ఇంకా కొన్ని మాటలు కలిపి. పుస్తకం కాలింది గానీ హెచ్చరిక పెరిగింది.

హెచ్చరించి కూడా దేవుడు చేయకపోతే, ఆయన మాట తప్పినట్టు కాదా?

నాకు అన్నింటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. యోనా నీనెవెలో చేసిన ప్రసంగం హెబ్రీలో అయిదే మాటలు: ఇంక నలభై దినాలకు నీనెవె నాశనమవుతుంది. "మారుమనస్సు పొందకపోతే" అన్న షరతు ఎక్కడా లేదు. అయినా ఊరు మారింది, నాశనం ఆగింది. కోపం వచ్చింది ప్రవక్తకు! హెచ్చరిక ఫలించిందంటే అది నెరవేరకపోవడమే అని యోనాకు ముందే అనుమానం. అందుకే గదా నీనెవెకు వెళ్లమంటే తర్షీషు ఓడ ఎక్కింది.

యిర్మీయా 18 దాన్ని సూత్రంగా చెబుతుంది. ఒక జనాన్ని పెళ్లగిస్తానని నేను అన్నాక ఆ జనం చెడుతనం మానితే, నేను చేయదలచిన కీడు మానుకుంటాను. అంతకంటే గొప్ప సాక్ష్యం యిర్మీయా 26లో ఉంది. ఆలయం పాడవుతుందని చెప్పినందుకు యిర్మీయాను చంపాలని పట్టుకున్నారు. అప్పుడు పెద్దమనుషులు కొందరు లేచి ఒక పాత సంగతి ఎత్తారు. నూరేళ్ల కిందట మీకా కూడా సీయోను చేనులా దున్నబడుతుందన్నాడు, అప్పటి రాజు హిజ్కియా అతన్ని చంపాడా? దేవునికి భయపడి వేడుకున్నాడు, కీడు తప్పింది. మీకా అబద్ధ ప్రవక్త అని అక్కడ ఎవరూ అనలేదు. నెరవేరని హెచ్చరికే అతన్ని నిజమైన ప్రవక్తగా నిలబెట్టింది, అదే యిర్మీయా ప్రాణాన్నీ కాపాడింది.

ఆమోసు 4వ అధ్యాయంలో కరువు, తెగులు, మిడతలు, కత్తి వరుసగా చెప్పి అయిదుసార్లు ఒకే పల్లవి వినిపిస్తుంది: అయినా మీరు నా వైపు తిరగలేదు. శిక్ష లెక్క కంటే ఆ తిరగకపోవడమే ఆయనకు ఎక్కువ బాధగా వినిపిస్తుంది.

మరి చెడ్డవాళ్లు బాగానే ఉన్నారే?

యూదా రాజులందరిలో ఎక్కువకాలం ఏలింది ఎవరనుకుంటున్నారు? మనష్షే, 55 ఏళ్లు. 2 రాజుల గ్రంథం దృష్టిలో అతనంత చెడ్డవాడు లేడు. అతని మనవడు యోషీయా అంత మంచి రాజు లేడు, 39 ఏళ్లకే మెగిద్దోలో ఫరోనెకో చేతిలో చనిపోయాడు. బైబిలు ఈ లెక్క దాచుకోలేదు. 73వ కీర్తన రాసిన ఆసాపుకి కాలు జారబోయింది ఇక్కడే. కాబట్టి బాగా ఉన్నవాడు దేవునికి ఇష్టుడు, కష్టాల్లో ఉన్నవాడు అవిధేయుడు అనే చిట్టా బైబిలు చేతికి ఇవ్వదు. ఇచ్చిందని చెప్పేవాళ్లు 28వ అధ్యాయం చదివి యోబు గ్రంథం చదవలేదు.

మా ఇంట్లో వరుసగా కీడులు. ఇది వంశ శాపమా? శాపబంధకాలు తెంచే ప్రార్థన చేయించుకోవాలా?

మూడు నాలుగు తరాల వరకు అన్న నిర్గమకాండము 20:5 చూపించి భయపెడతారు. ఆ తర్వాతి వచనంలో వేయి తరాలకు కరుణ ఉందని తక్కువమంది చెబుతారు. తండ్రి తాగుడు పిల్లల దాకా పాకడం మనమంతా చూసిందే, ఆ అర్థంలో ఆ మాట కటిక నిజం. కానీ తండ్రి అపరాధానికి కొడుకు దోషి అవుతాడా అంటే, కాడు. ద్వితీయోపదేశకాండము 24:16 అలా శిక్షించకూడదని న్యాయస్థానానికే చెబుతుంది, అమజ్యా రాజు దాన్ని పాటించాడు కూడా. తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి అన్న సామెత ఇకమీద మీరు పలకొద్దని యెహెజ్కేలు 18 తెగేసి చెబుతుంది. చెరలో ఉన్న జనం, మా తాతల పాపమే మా ఖర్మ అంటూ చేతులు ముడుచుకున్నప్పుడు వచ్చిన మాట అది.

ప్రార్థన మానమని నేను అనను. డబ్బు పుచ్చుకుని శాపం తెంచుతానన్నవాడి దగ్గరకు మాత్రం వెళ్లకండి.

జబ్బు వస్తే ఏదో తప్పు చేసినట్టేనా?

చాలా ఏళ్ల కిందట ఒక అంత్యక్రియల్లో, చిన్న వయసులో పోయిన మనిషి శవపేటిక పక్కనే నిలబడి ఒక బోధకుడు ఈ 28వ అధ్యాయమే తీశాడు. భార్య తల ఎత్తలేదు. అప్పుడు నేను నోరు మెదపలేదు, ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదలదు. ఈ పేజీ రాయడానికి సగం కారణం అదే.

యేసును శిష్యులు అడిగారు, గుడ్డివాడిగా పుట్టడానికి వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా? ఆయన రెండూ కాదన్నాడు (యోహాను 9). సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే అపరాధులా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు (లూకా 13). ఆ వెంటనే, మీరు మారుమనస్సు పొందకపోతే మీరందరూ నశిస్తారు అన్నాడు. చూశారా, హెచ్చరిక పోలేదు. పోయినవాళ్ల మీద నుంచి తీసి, వింటున్నవాళ్ల ముందు పెట్టాడు.

దశమభాగం ఇవ్వకపోతే శాపం తగులుతుందట. అననీయ సప్పీరల సంగతి చెబుతారు.

అపొస్తలుల కార్యములు 5 మళ్లీ నెమ్మదిగా చదవండి. అమ్మకముందు అది నీదే, అమ్మిన తర్వాత డబ్బూ నీ వశంలోనే ఉంది కదా అని పేతురే అంటాడు. ఆ భార్యాభర్తలు చనిపోయింది ఇవ్వనందుకు కాదు, పొలం అమ్మిన డబ్బంతా ఇచ్చామని అబద్ధమాడినందుకు. దశమభాగానికి అందరూ ఎత్తిచూపే మలాకీ 3 దేవాలయపు కొట్టు గురించి, అంటే లేవీయుల, బీదల తిండి గురించి మాట్లాడుతుంది. ఇదే గ్రంథం అదే అధ్యాయంలో కూలివాడి కూలి బిగబట్టేవాణ్ణి కూడా మందలిస్తుంది. ఆ అయిదో వచనం చదివాక పదో వచనం చదివే సంఘాలు ఎన్ని?

క్రీస్తు శాపాన్ని భరించాడు కదా, ఇక ఈ హెచ్చరికలు మనకెందుకు?

గలతీయులకు 3వ అధ్యాయంలో పౌలు ద్వితీయోపదేశకాండము నుంచే రెండు మాటలు తీసుకుంటాడు: ధర్మశాస్త్రమంతా చేయనివాడు శాపగ్రస్తుడు (27:26), మ్రాను మీద వేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడు (21:23). క్రీస్తు మనకోసం శాపమై ఆ శాపం నుంచి విడిపించాడంటాడు. క్రైస్తవుడిని శాపం పేరు చెప్పి బెదిరించడానికి ఇక వీల్లేదని నేను నమ్మేది దీనివల్లే.

అదే ఉత్తరం చివరికొచ్చేసరికి, మనుష్యుడు ఏమి విత్తునో ఆ పంటనే కోయును అని కూడా రాశాడు. శాపం పోయినా పంట పోదు. రోమీయులకు 1లో దేవుని ఉగ్రత ఎలా ఉంటుందో గమనించండి. పిడుగు పడదు, "అప్పగించెను" అన్న మాట మూడుసార్లు వస్తుంది. నీకు కావలసిందే నీకు వదిలేయడం! హెబ్రీయులకు 12 విశ్వాసికి వచ్చే శిక్షను న్యాయాధిపతి బెత్తంలా కాక తండ్రి చేతిలోని శిక్షణలా చూపిస్తుంది.

ఇదంతా కర్మ సిద్ధాంతమే కదా? చేసుకున్నవాడికి చేసుకున్నంత.

పైకి అలాగే ఉంటుంది, అందుకే మన ఊళ్లలో ఈ బోధ తొందరగా ఆ అచ్చులోకి జారిపోతుంది. కర్మ ఒక నియమం, దానికి మొర పెట్టుకోవడానికి చెవి లేదు. ఇక్కడ హెచ్చరించేవాడికి చెవి ఉంది, మనసు కరగడం కూడా ఉంది. లేవీయకాండము 26 అయిదు మెట్లుగా శిక్షలు చెప్పి, ఎగిరే ఆకు చప్పుడుకే పారిపోయేంత భయాన్ని వర్ణించి, 40వ వచనం దగ్గర మలుపు తిరుగుతుంది: వాళ్లు తమ దోషం ఒప్పుకుంటే నేను యాకోబుతో చేసిన నా నిబంధన జ్ఞాపకం చేసుకుంటాను.

పిల్లలకి దీన్ని ఎలా చెప్పాలి?

"కళ్లు పోతాయి, లెంపలేసుకో" అని మాత్రం కాదు. యెరికో కొల్లసొమ్ములో కొంత రహస్యంగా దాచుకున్న ఆకాను కథ (యెహోషువ 7) చెప్పేటప్పుడు అతడు దాచింది ఏమిటో (బబులోను వస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారం), దానివల్ల హాయి దగ్గర చనిపోయిన 36 మంది ఎవరి నాన్నలో అడగండి. ఒకరి తప్పు ఇంకొకరికి ఎలా తగులుతుందో పిల్లలే చెబుతారు. ఆకాను చనిపోయిన ఆకోరు లోయనే నిరీక్షణ ద్వారంగా చేస్తానని హోషేయ 2:15లో దేవుడు అంటాడు. కథని అక్కడిదాకా తీసుకెళ్లండి.

ఇవన్నీ ఏ వరుసలో చదవాలి?

లేవీయకాండము 26, ద్వితీయోపదేశకాండము 28, తర్వాత వెంటనే ద్వితీయోపదేశకాండము 30. 28 చదివి ఆపొద్దు, చెదరగొట్టినచోట నుంచి తిరిగి తెస్తానన్నది 30లోనే ఉంది. ఆ తర్వాత యిర్మీయా 36, యోనా, యెహెజ్కేలు 18. చివరగా 2 రాజులు 25. ఆలయం కాలి, గోడలు కూలి, అంతా అయిపోయాక మిగిలే ఆఖరి నాలుగు వచనాలు ఒక ఖైదీ గురించి. చెరకు వచ్చిన ముప్పై ఏడో ఏట యూదా రాజు యెహోయాకీను చెరసాల బట్టలు మార్చుకుని, బబులోను రాజు బల్ల దగ్గర రోజూ భోజనం చేస్తుంటాడు. బబులోను శిథిలాల్లో దొరికిన మట్టి పలకల్లో, చెరలో ఉన్న అతనికీ అతని కొడుకులకీ కొలిచి ఇచ్చిన నూనె లెక్కలు ఇప్పటికీ ఉన్నాయి.